వజ్రాలు మోసే గద్ద నిజమేనా?

వజ్రకరూరులో ఒక చేను గట్టు మీద నిలబడి మాట్లాడుతున్నా. ఈరోజు మన జంతువు ఏ అడవిలోనూ లేని ఒక గద్ద.

13వ శతాబ్దంలో మన తీరానికొచ్చిన మార్కో పోలో మోటుపల్లి రాజ్యం గురించి రాస్తూ దీని కథ చెప్పాడు. లోతైన లోయలు, నిండా పాములు, అడుగున వజ్రాలు. పైనుంచి మాంసం ముక్కలు విసిరితే వజ్రాలు అంటుకుంటాయట. తెల్లగద్దలు వాటిని పైకి తెస్తే, జనం తరిమి ఏరుకుంటారట. సింద్‌బాద్ కథలోనూ ఇలాంటి లోయే.

ఉత్త కథే అని వదిలేద్దామనుకున్నా. కానీ వజ్రానికి నీళ్లు అంటవు, కొవ్వు అంటుకుంటుంది. దక్షిణాఫ్రికా గనుల్లో గ్రీజు పూసిన బల్లల మీద కంకర పారించి వజ్రాలు పట్టింది ఈ లెక్కతోనే. మాంసం ఐడియా మరీ పిచ్చిదేం కాదు!

ఇక్కడ మాత్రం లోయ లేదు. సుమారు 110 కోట్ల ఏళ్ల కిందట కింబర్లైట్ అనే రాయి భూమి లోతుల్నుంచి వజ్రాల్ని మోసుకొచ్చింది. ఆ రాయి అరిగిపోయింది, వజ్రాలు మట్టిలో మిగిలాయి. పైమట్టి వానకి కొట్టుకుపోతే ఎప్పుడో ఒకటి బయటపడుతుంది. వాన వెలిశాక వాగుల్లో వెతుకుతారని పోలో కూడా రాశాడు, ఆ ముక్క ఎవరూ చెప్పుకోరు.

తొలకరి పడగానే ఎక్కడెక్కడి జనమో ఈ చేలల్లోకి దిగుతారు. ఈ కరువు నేలలో రైతు వేరుశనగ విత్తాల్సిందీ ఆ పదునులోనే. తొక్కిన చేలో మొలక ఎట్ల వస్తుంది? ఇదిగో, ఒకాయన నన్ను కూడా గట్టు దిగమంటున్నాడు. వస్తున్నా అన్నా, దిగుతున్నా.