అణువు బొమ్మ - రేఖాపటము

పద్యము చెవికి ఇంపుగా ఉన్నంత మాత్రమున నిర్దుష్టమని చెప్పలేము. గురులఘువులు గుర్తించి, గణములు విభజించి, యతిప్రాసలు సరిచూచినప్పుడే దాని నడక సరియైనదో కాదో తేలును. తెలుగు బోధించు మాకు ఇది నిత్యానుభవము. అణువుల బొమ్మలకును ఇట్టి పరీక్ష కలదని మా సైన్సు సహాధ్యాపకుల వలన తెలిసికొని ఆశ్చర్యపడితిమి. ఆ సంగతినే విద్యార్థులకు ఇచ్చట వివరింపదలచితిమి.

ఒకప్పుడు అణువు ఆకృతిని చూపుటకు బంతులు, పుల్లలు కూర్చి నమూనాలు చేసెడివారు. నేడు జేఎస్‌మోల్ వంటి ఉచిత సాధనములు ఇంటర్నెట్‌లో కలవు. కర్నూలు, కడప జిల్లాల పల్లెలనుండి వచ్చిన విద్యార్థియు సెల్‌ఫోనులోనే ప్రొటీను అణువును అన్ని వైపులకు త్రిప్పి చూడవచ్చును. ఇది మేలే. కాని బొమ్మకు ఒక లోపము కలదు. సరియైన నమూనాయు, తప్పుడు నమూనాయు తెరపై ఒకే విధముగా అందముగా కనబడును.

ఈ లోపమును తీర్చునది రేఖాపటము. దీనికి ఉత్తమమైన ఉదాహరణము మన పొరుగుననే, మద్రాసు విశ్వవిద్యాలయములో, పుట్టినది. 1963లో జి.ఎన్. రామచంద్రన్, సి. రామకృష్ణన్, వి. శశిశేఖరన్ గార్లు దానిని ప్రకటించిరి. నేడు దానిని రామచంద్రన్ పటమనుచున్నారు.

ప్రొటీను అమైనో ఆమ్లముల గొలుసు. ఆ గొలుసులో ప్రతి అమైనో ఆమ్లము వద్దను ఫై, సై అను రెండు మలుపు కోణములు ముఖ్యమైనవి. ఫై కోణమును అడ్డముగను, సై కోణమును నిలువుగను, -180 నుండి +180 డిగ్రీల వరకు గుర్తించినచో ఒక్కొక్క అమైనో ఆమ్లము ఒక్కొక్క చుక్కయగును. కొన్ని కోణముల వద్ద పరమాణువులు ఒకదానినొకటి ఒరసికొనును గనుక పటములో అధికభాగము నిషిద్ధము. ఆల్ఫా హీలిక్స్ అను మెలికకు చెందిన చుక్కలు -60, -45 డిగ్రీల ప్రాంతమున గుమిగూడును. నిషిద్ధ ప్రాంతమున చుక్క పడినచో ఆ చోట నమూనాను మరల పరిశీలింపవలెను. గ్లైసిన్‌కు పార్శ్వశాఖగా ఒక్క హైడ్రోజన్ మాత్రమే ఉండుటచే దానికి స్వేచ్ఛ అధికము. ఛందస్సులో వికల్పమున్నట్లే ఇచ్చటను వికల్పమున్నది.

పటము వేరుగా, బొమ్మ వేరుగా ఉన్నచో ప్రయోజనము సగమే. రెండును ఒకే తెరపై ముడిపడి ఉండి, పటములోని చుక్కను తాకగానే బొమ్మలో ఆ అమైనో ఆమ్లము వెలుగునట్లుండిన తప్పెక్కడనో కంటికే తెలియును. 2021లో వెలువడిన ఆల్ఫాఫోల్డ్ డేటాబేస్‌లో ఇట్టి ఏర్పాటు కలదు. కంప్యూటరు ఊహించిన ఆకృతితోపాటు, దానిలోని రెండు భాగముల పరస్పర స్థానమును ఎంతవరకు నమ్మవచ్చునో తెలుపు పటమును అందున్నది. బొమ్మలో పక్కపక్కనే కనబడు భాగములు నిజముగా అట్లే ఉన్నవని చెప్పలేమని ఆ పటము కొన్నిసార్లు హెచ్చరించును.

ఇది కేవలము వేడుక కాదు. మందులు కనుగొనువారు ప్రొటీనులోని గుంటకు సరిపడు అణువును వెదకుదురు. ఆ గుంట ఆకృతియే తప్పైనచో ఏండ్ల శ్రమ వృథాయగును.

కళాశాలలో కంప్యూటర్లు సమకూర్చు కమిటీ పెద్దలకు మా మనవి ఒక్కటే: బొమ్మ చూపుటతో ఆగక, పటము చదువు అలవాటును పిల్లలకు నేర్పు వీలు కల్పింపుడు. విద్యార్థులారా! అందమైన బొమ్మ కనబడినప్పుడెల్ల, దీని పటమెక్కడ అని అడుగుడు. పద్యమునకు గణవిభజన యెట్టిదో, అణువు బొమ్మకు రేఖాపటము అట్టిది.