డిస్కు నుండి రిసీవరు దాక

బ్లూరే ప్లేయరు, రిసీవరు, ఐదు స్పీకర్లు, ఒక సబ్‌వూఫరు ఇంటికి చేరినవి. శబ్దము గది నలువైపుల నుండియు వచ్చుచున్నది. కాని రిసీవరుపై ‘డాల్బీ ట్రూ హెచ్.డి.’ అని కనబడవలసిన చోట ‘డాల్బీ డిజిటల్’ అని వెలుగుచున్నది. పలువురు దీనిని గమనింపనే గమనింపరు. వెచ్చించిన ధనమునకు తగిన నాదమును వినకయే తృప్తిపడుదురు.

మొదట తీగను పరీక్షింపవలెను. తోషిబా సంస్థ 1983లో వెలువరించిన ఆప్టికల్ కేబులు, కుదించిన 5.1 శబ్దమును మోయగలదు. స్టూడియో మూలములోని ఒక్క అంకెనైనను విడువని ట్రూ హెచ్.డి., డి.టి.ఎస్. మాస్టర్ ఆడియోలను అది మోయజాలదు. వానికి హెచ్.డి.ఎం.ఐ. కేబులు కావలెను, అదియును టెలివిజను మీదుగా గాక ప్లేయరు నుండి నేరుగా రిసీవరునకు తగిలించుట మేలు.

తీగ మార్చినను ఫలము లేనిచో ప్లేయరు సెట్టింగులలో ‘సెకండరీ ఆడియో’ అను దానిని చూడుడు. కొన్ని ప్లేయర్లలో దీని పేరు ‘బి.డి. ఆడియో మిక్స్’. అసలు దొంగ తరచుగా ఇచ్చటనే దాగియుండును. దర్శకుని వ్యాఖ్యానమును, మెనూ నొక్కినప్పటి టిక్కుటిక్కులను చిత్రశబ్దముతో కలుపుటకై ప్లేయరు ఆ శబ్దమును విప్పి, కలిపి, మరల కుదించి పంపును. టిక్కుటిక్కుల కొరకు ఇంత నష్టమా! దానిని ఆపివేసి, డిజిటల్ ఔట్‌పుట్‌ను ‘బిట్‌స్ట్రీమ్’ నందుంచుడు. డిస్కు మెనూలో ట్రూ హెచ్.డి. ట్రాకునే ఎన్నుకొనుడు.

రిసీవరు పాతదై ఈ సంకేతములను విప్పలేనిచో, ‘పి.సి.ఎం.’ నందుంచిన విప్పుపని ప్లేయరే చేయును. అప్పుడు రిసీవరుపై ‘పి.సి.ఎం.’ అనియే కనబడును గాని నాదమునకు లోటుండదు.