ద్విలోహపు యోయో ఎక్కువ కాలము మన్నునా?

రెండు బిళ్ళలు, వాటిని కలుపు ఒక ఇరుసు, ఇరుసునకు చుట్టిన దారము: యోయో నిర్మాణము ఇంతే. 1928లో ఫిలిప్పీన్సు దేశస్థుడగు పెడ్రో ఫ్లోరెస్ కాలిఫోర్నియాలో యోయోల కర్మాగారమును స్థాపించిన కాలమున అవి కొయ్యతో తయారయ్యెడివి. నేడు పోటీలలో వాడునవి చాల వరకు లోహపువి. కొన్నిటిని కేవలము అల్యూమినియము మిశ్రలోహముతో చేయుదురు. మరికొన్నిటిలో అల్యూమినియము బిళ్ళల అంచున తుప్పుపట్టని ఉక్కు వలయమును బిగింతురు. ఇవియే ద్విలోహపు యోయోలు. వీని వెల సాధారణముగా హెచ్చు.

డబ్బు కూడబెట్టి యోయో కొనదలచిన విద్యార్థి ఒకడు, "రెండు లోహములున్నది మరింత గట్టిది కదా, మాస్టారూ!" అని నన్నడిగెను. కాని రెండవ లోహమును చేర్చుట గట్టిదనము కొరకు కాదు.

తిరుగు వస్తువు యొక్క జడత్వ భ్రామకము దాని ద్రవ్యరాశిపై మాత్రమే గాక, ఆ ద్రవ్యరాశి అక్షమునకు ఎంత దూరమున నున్నదను దానిపైనను ఆధారపడును. దూరము రెట్టింపైనచో భ్రామకము నాలుగు రెట్లగును. ఘన సెంటీమీటరు అల్యూమినియము 2.7 గ్రాములు తూగును. ఉక్కు సుమారు 7.9 గ్రాములు. కనుక మొత్తము బరువును 65 గ్రాముల దరిదాపున నుంచియే, మధ్యభాగమును పలుచన చేసి బరువును అంచునకు చేర్చుటకు ఉక్కు ఉపకరించును. అట్టి యోయో ఎక్కువసేపు తిరుగును, త్వరగా ఒరగదు.

ఇక మన్నిక మాట. ఏకలోహపు బిళ్ళ ఒకే ముక్కనుండి లేతు యంత్రముపై చెక్కినది. దానిలో అతుకు లేదు. ద్విలోహపు దానిలో అతుకు కలదు. ఎద్దుబండి చక్రమునకు కమ్మరి ఇనుప పట్టాను కాల్చి తొడిగి, నీళ్ళు పోసి చల్లార్చును. పట్టా సంకోచించి చక్రమును బిగబట్టును. యోయో వలయమును సాధారణముగా కాల్చక, యంత్రముతో ఒత్తి ఎక్కింతురు. అయినను దానిని నిలుపునది ఇట్టి బిగువే.

65 గ్రాముల యోయో ఒక మీటరు ఎత్తునుండి పడినచో నేలను తాకునప్పటి శక్తి సుమారు 0.64 జౌలు. ఇది స్వల్పమే, కాని గచ్చుపై ఆ దెబ్బయంతయు ఒక్క బిందువున పడుటచే అల్యూమినియము అంచు సొట్టపడును. ఉక్కు వలయము అంచునకు వెలుపల నున్నచో దెబ్బను తానే కాచుకొనును. లోపలి వైపున నున్నచో నేలను తాకునది అల్యూమినియమే గనుక రక్షణ లేదు. పైగా గట్టి దెబ్బకు వలయము రవంత జరిగినను యోయో కంపించును. సొట్టను ఉప్పుకాగితముతో నునుపు చేయవచ్చును; జరిగిన వలయమును చేతితో సరిచేయుట కష్టము.

వేడిమికిని ఇందు పాత్ర కలదు. ఒక సెల్సియస్ డిగ్రీకి అల్యూమినియము పది లక్షలలో 23 వంతులు, ఈ ఉక్కు సుమారు 17 వంతులు వ్యాకోచించును. 50 మిల్లీమీటర్ల వ్యాసముగల అతుకు వద్ద 30 డిగ్రీల మార్పునకు వచ్చు తేడా 0.009 మిల్లీమీటరు. అతుకు బిగువును కూడ మిల్లీమీటరులో శతాంశములతోనే లెక్కింతురు గనుక ఇది ఉపేక్షింపదగినది కాదు. వలయము వెలుపల తొడిగినదైనచో ఎండకు బిగువు హెచ్చును. అల్యూమినియములో ఇమిడ్చినదైనచో తగ్గును. రెండు లోహముల నడుమ చెమట నిలిచినచో సూక్ష్మమైన విద్యుద్ఘటము ఏర్పడి అల్యూమినియము క్షీణింపవచ్చును. కావున ఆడిన పిమ్మట పొడిగుడ్డతో తుడుచుట మంచిది.

ఇరుసు మరలు అతిగా బిగించుటచే చెడుట, బేరింగులో దుమ్ము చేరుట రెండు రకములకును సమానమే. కనుక గచ్చు మీద ఆట నేర్చుకొను ఆ విద్యార్థికి ఏకలోహపు యోయోయే తగినదని చెప్పితిని. చేయి తిరిగిన పిమ్మట, ఎక్కువసేపు తిరుగుట కొరకు రెండవది కొనవచ్చును.

కొందరు ఉక్కునకు బదులు ఇత్తడి వలయమును వాడుదురు. దాని వ్యాకోచము పది లక్షలలో సుమారు 19 వంతులు. అప్పుడు పై తేడా ఎంతకు తగ్గునో విద్యార్థులు లెక్క కట్టి చూడవచ్చును.