హాస్య భయానకముల పొత్తు: చెఱసాలలోని గ్రౌటు పాత్ర

హాస్యమునకు భయానకము విరోధి యని సాహిత్యదర్పణకారుడగు విశ్వనాథుడు చెప్పియున్నాడు. భయపడువానికి నవ్వు రాదు. నవ్వువానికి భయము నిలువదు. ఇది లోకానుభవమే. అయినను భయంకరుడగు నేరగాండ్ర నాయకుని నడుమ నిలిపి ప్రేక్షకులను నవ్వించిన రూపకములు గలవు. అచ్చట నీ విరోధ మెట్లు తొలగినదో విచారింతము.

ఇందులకు 'పారిడ్జి' యను నాంగ్ల హాస్యరూపక పరంపర తగిన యుదాహరణము. డిక్ క్లెమెంట్, ఇయాన్ లా ఫ్రెనే యనువారు రచించిన యీ రూపకములు 1974 మొదలు 1977 వఱకు బి.బి.సి. దూరదర్శనమున ప్రసారమయ్యెను. ఆ పేరునకు జావ యని యర్థము. చెఱలో బెట్టు జావనుబట్టి శిక్ష యనుభవించుటకే యాంగ్లేయుల వాడుకలో నా పేరు కలిగినది. మనవారు 'చిప్పకూడు తినుట' యనునట్లు. కథాస్థలము స్లేడ్ అను కల్పిత కారాగారము. రోనీ బార్కరు ధరించిన ఫ్లెచరు పాత్ర పాతదొంగ, మాటకారి. అతని గదిలోనే యుండు గాడ్బరు తొలిసారి శిక్షపడిన పడుచువాడు.

ఆ చెఱకు పేరునకు అధికారులున్నారు. లోలోపల నేలువాడు మాత్రము హ్యారీ గ్రౌటు. ఈ పాత్రను ధరించిన పీటర్ వాన్ (1923–2016) దూరదర్శన రూపకములలో మూడింటను, 1979 నాటి చలనచిత్రమునను మాత్రమే కానవచ్చును. అయినను చూచినవారు మఱవరు. గ్రౌటు గొంతెత్తడు, చేయి యెత్తడు. ఇతర ఖైదీలకు లేని సౌఖ్యములతో నమరిన తన గదికి ఫ్లెచరును పిలిపించి యాదరముగా పలుకరించును. ఆ యాదరమే బెదిరింపు.

1975లో వచ్చిన యొక కథలో గాడ్బరు ముష్టియుద్ధమునకు సిద్ధపడును. పందెములు గట్టిన గ్రౌటు, ఆ పడుచువాడు ఓడిపోవలెనని ఫ్లెచరున కాజ్ఞాపించును. నిజాయితీగా గెలువగోరు బిడ్డవంటి వానితో 'ఓడిపొమ్ము' అని చెప్పవలసిన దుఃస్థితి ఫ్లెచరుది. తుదకు తెలియునదేమన, ఎదుటి పక్షపు నాయకుడును తనవానికి అట్టి యాజ్ఞయే యిచ్చియున్నాడు. ఇరువురు యోధులు నొక్కసారిగా కూలుదురు. మనము నవ్వుదుము. కాని ఫ్లెచరు భయము బూటకము కాదు.

విరుద్ధరసముల కాశ్రయము వేఱైనచో దోషము లేదని మమ్మటుడు కావ్యప్రకాశమున పరిహారము చూపియున్నాడు. ఇచ్చట జరిగినదియు నదియే. భయము ఫ్లెచరునందు, నవ్వు ప్రేక్షకునియందు. గ్రౌటు ఒక్కసారియైనను విదూషకుడు కాడు. కనుకనే భయము చెడలేదు, నవ్వును చెడలేదు.

మన కృష్ణామండలమున దీనికి భిన్నమైన మార్గము కలదు. ఉయ్యూరునుండి పామఱ్ఱు మీదుగా గుడివాడ దాటిన కవుతరము వచ్చును. అచ్చట 1935లో జన్మించిన కైకాల సత్యనారాయణ (మరణము 2022) 'యమగోల' (1977), 'యమలీల' (1994) చిత్రములలో యముడై మెప్పించెను. నరకముకంటె ఘోరమైన చెఱ యేది? యమునికంటె భయంకరుడైన యేలిక యెవడు? అయినను 'యమగోల'లో నందమూరి తారకరామారావు ధరించిన నాయకుడు యమభటులనే సమ్మెకు పురికొల్పును. 'యమలీల'లో భూమికి దిగివచ్చిన యముడు చల్లని 'హిమక్రీమము' రుచికి లొంగిపోవును. ఇచ్చట భయహేతువే నవ్వులపాలగును. భయము కరగి పోవును. ప్రేక్షకుడు తేలిక పడును.

రెండును హాస్యములే, కాని ఫలము వేఱు. యముని చూచి నవ్వినవాడు మృత్యుభయమును క్షణకాలము జయించును. గ్రౌటును చూచి నవ్వినవాడు దేనిని జయింపడు. రాజశాసనము చేరని చోట బలవంతుని మాటయే శాసనమగుననియు, దాని క్రింద బ్రతుకువానికి చమత్కారమొక్కటియే మిగులు ధనమనియు నెఱుగును. మొదటి నవ్వు ఊరట, రెండవది యెఱుక. లక్షణకర్తలు చెప్పిన యాశ్రయభేదము కేవలము శాస్త్రచర్చ గాక, బలహీనుని గౌరవము కాపాడు నుపాయమని యీ పాత్రవలన స్పష్టమగుచున్నది.