కాలం ధారా... చుక్కలా?

ఎడిసన్ (న్యూజెర్సీ): సప్తమా, అష్టమా? ఏటా మా ఇంట్లో వచ్చే ప్రశ్నే ఇది. మా నాన్నగారు పోయింది తెనాలిలో, తెల్లవారుజామున. సరిగ్గా ఆ వేళకే తిథి మారుతోంది. ఒక పంచాంగం చూస్తే అప్పటికింకా సప్తమి దాటలేదు. ఇంకో పంచాంగం చూస్తే దాటిపోయింది. దాంతో తెనాలిలో అన్నయ్య ఒక రోజు తద్దినం పెడితే, ఇక్కడ మేము మరో రోజు పెడుతున్నాం. ఓ ఏడాది ఇద్దరం ఫోన్లో కాస్త గట్టిగానే మాట్లాడుకున్నాం.

పక్కనే కూచుని వింటున్న మా పెద్దవాడు అడిగాడు: "చంద్రుడు ఆగకుండా తిరుగుతూనే ఉంటాడు కదా నాన్నా! మరి తిథి ఠక్కున ఎలా మారుతుంది? టైమ్ నిజంగానే ముక్కలు ముక్కలుగా ఉంటుందా?"

సగం జవాబు మాకు తెలుసు. సూర్యుడికీ చంద్రుడికీ మధ్య దూరం 12 డిగ్రీలు పెరిగితే ఒక తిథి. చంద్రుడి నడకలో ఎక్కడా తెంపు లేదు. గీత గీసుకున్నది మనం. రోజును 60 ఘడియలు చేసి, ఘడియను 60 విఘడియలు చేసిందీ మనవాళ్లే. ఘడియంటే 24 నిమిషాలు, విఘడియంటే 24 సెకన్లు. 12వ శతాబ్దంలో భాస్కరాచార్యుడు ఇంకా లోపలికి వెళ్లి సెకనులో సుమారు 33,750వ వంతును 'త్రుటి' అన్నాడు. ఇవన్నీ లెక్క కోసం చేసుకున్న ముక్కలు. మరి ప్రకృతే కాలాన్ని ముక్కలుగా చేసి పెట్టిందా? మావాడు అడిగిన రెండో సగం అదీ.

మెన్లో పార్క్ పాఠం

ఈ ప్రశ్నకు మా ఊళ్లోనే ఒక మంచి ఉదాహరణ ఉంది. థామస్ ఎడిసన్ 1877లో ఫోనోగ్రాఫ్ తయారుచేసింది ఇక్కడి మెన్లో పార్క్ ప్రయోగశాలలోనే. అందులో గొంతు ఒక గాడిగా పడుతుంది. మొదటి నుంచి చివరిదాకా ఎక్కడా తెగని గీత అది. సీడీ అలా కాదు. శబ్దాన్ని సెకనుకు 44,100 సార్లు కొలిచి, అంకెలుగా దాచుకుంటుంది. ఘంటసాల పద్యం పాత రికార్డు మీద విన్నా, సీడీలో విన్నా మన చెవికి ధారగానే వినిపిస్తుంది. ఒకటి గీత, ఇంకొకటి చుక్కలు. చెవిని నమ్ముకుంటే మాత్రం తేడా తెలియదు.

కాలం సంగతీ అంతేనేమో! మనకు ధారగా అనిపిస్తోంది కాబట్టి అది ధారేనని చెప్పడానికి వీల్లేదు.

పొరుగూరి పెద్దాయన అనుమానం

కాలం అంతటా ఒకే తీరున సాగిపోతుందని న్యూటన్ 1687లో రాశాడు. ఆ నమ్మకాన్ని ఐన్‌స్టీన్ 1905లో కదిలించాడు. వేగాన్ని బట్టి గడియారాల నడక మారుతుందన్నాడు. పదేళ్ల తర్వాత గురుత్వాకర్షణనూ లెక్కలోకి తెచ్చాడు. అయినా ఆయన సమీకరణాల్లోనూ కాలం తెగని ధారే.

ఐన్‌స్టీన్ 1933 నుంచి 1955లో కన్నుమూసే దాకా ఉన్నది ప్రిన్స్‌టన్‌లో. మాకు కారులో అరగంట దారి. చివరి రోజుల్లో ఆయనకే అనుమానం వచ్చింది. తెంపులేని క్షేత్రాల మీద భౌతికశాస్త్రాన్ని కట్టడం కుదరకపోవచ్చనీ, అదే జరిగితే తాను కట్టినదేదీ మిగలదనీ 1954లో మిత్రుడు బెస్సోకు ఉత్తరం రాశాడు. జీవితమంతా కట్టిన మేడ గురించి ఆ మాట అనగలగడం చిన్న విషయం కాదు! అదే 1954లో మా ఊరు రారిటన్ టౌన్‌షిప్ అన్న పాత పేరు వదిలి ఎడిసన్ అయింది.

మరుసటి ఏడాది ప్రిన్స్‌టన్ ప్రొఫెసర్ జాన్ వీలర్ ఇంకో ఊహ చేశాడు. దూరం నుంచి నునుపుగా కనిపించే సముద్రం దగ్గరికెళితే నురగలా ఉన్నట్టు, దేశకాలాలు కూడా అతి సూక్ష్మస్థాయిలో నురగలా ఉంటాయన్నాడు.

ఎంత సూక్ష్మం?

దశాంశ బిందువు పెట్టి, 43 సున్నాలు రాసి, ఆపైన 54 వేయండి. అన్ని సెకన్లు! దీన్ని ప్లాంక్ కాలం అంటారు. మాక్స్ ప్లాంక్ 1899లో ప్రకృతి స్థిరాంకాల నుంచే ఇలాంటి ప్రమాణాలు రాబట్టాడు. కాలానికి ఇదే ఆఖరి రేణువు అని చాలామంది చెప్పేస్తుంటారు గానీ, అది రుజువైన మాట కాదు. అంత చిన్న స్థాయిలో ఇప్పుడున్న సిద్ధాంతాలు పనిచెయ్యవని మాత్రమే దానర్థం.

మన కొలతలు ఎక్కడిదాకా వచ్చాయి? హైడ్రోజన్ అణువును కాంతి దాటడానికి పట్టే సమయాన్ని 2020లో జర్మనీ శాస్త్రవేత్తలు కొలిచారు. బిందువు తర్వాత 18 సున్నాలు, ఆపైన 247. అబ్బో అనిపిస్తుంది. కానీ ప్లాంక్ కాలం దాకా వెళ్లాలంటే ఇంకా పాతిక సున్నాలు కావాలి!

నేరుగా కొలవలేకపోతే దొడ్డిదారి ఉంది. దేశకాలాలు గరుకుగా ఉంటే, ఎక్కువ శక్తిగల కాంతి ఆ గరుకు తగిలి కొంచెం వెనకబడొచ్చని ఒక ఊహ. 2009 మే నెలలో ఫెర్మి టెలిస్కోప్ ఒక పేలుడు వెలుగును పట్టుకుంది. ఆ కాంతి 700 కోట్ల సంవత్సరాలకు పైగా ప్రయాణించింది. అయినా అధికశక్తి కిరణం సెకను తేడాలోపే వచ్చేసింది! ఆ రకం గరుకుతనానికి అది పెద్ద దెబ్బ. అలాగని ముక్కల వాదం పోలేదు. కాంతిని అలా ఆలస్యం చెయ్యని రేణువుల సిద్ధాంతాలూ ఉన్నాయి.

2020లోనే పెన్సిల్వేనియా స్టేట్ యూనివర్సిటీ వాళ్లు మరోవైపు నుంచి లెక్క వేశారు. విశ్వానికి ఒక మూల గడియారం ఉంటే, దాని 'టిక్కు' మరీ పెద్దదైతే మన అణుగడియారాల నడకలో తేడా కనిపించాలి. కనిపించడం లేదు. కాబట్టి ఆ టిక్కు, బిందువు తర్వాత 32 సున్నాలు పెట్టి 1 వేసినంతకు మించి ఉండదని తేల్చారు. అంతకంటే చిన్నది ఉండొచ్చు. అసలు లేకపోనూ వచ్చు.

మావాడికి ఇదంతా చెప్పి, "ఇంకా ఎవరికీ తెలియదురా" అన్నాం. వాడు కాసేపాగి, "మరి తాతగారు పోయిన టైమ్ కరెక్టని మీకెలా తెలుసు?" అన్నాడు. మా దగ్గర మాట లేదు. ఆస్పత్రి కాగితం మీది టైమ్ ఎవరో గోడ గడియారం చూసి వేసింది. ఆ నిమిషానికే ఊపిరి ఆగిందని ఎవరు చెప్పగలరు?

ఆ రాత్రి ఎనిమిదిన్నరకు, అంటే తెనాలిలో మర్నాడు పొద్దున ఆరింటికి, అన్నయ్యకు ఫోన్ చేశాం. "నువ్వు ఏ రోజంటే ఆ రోజే" అన్నాం. ఈ ఏడు రెండు చోట్లా ఒకే తిథి!