రేడియేషన్ ఇచ్చే యంత్రమే రోజూ స్కాన్ తీస్తోంది.. ఎందుకు?

మీ ఇంట్లో ఎవరికైనా రేడియేషన్ నడుస్తుంటే ఈ సందేహం వచ్చే ఉంటుంది. మొదట్లోనే సీటీ స్కాన్ తీశారు, ఒంటి మీద గుర్తులూ పెట్టారు. మళ్లీ బల్ల మీద పడుకోబెట్టిన ప్రతిసారీ యంత్రం చుట్టూ తిరిగి ఫొటోలు తీయడం దేనికి? బిల్లు పెంచడానికా?

కాదు. చర్మం మీది గుర్తు ఉన్నచోటే ఉంటుంది, లోపలి అవయవం మాత్రం కదులుతుంది. ప్రోస్టేట్ క్యాన్సర్‌నే తీసుకోండి. ఆ గ్రంథికి పైన మూత్రాశయం, వెనుక పురీషనాళం ఉంటాయి. అవి ఎంత నిండాయన్నదాన్ని బట్టి గ్రంథి కొన్ని మిల్లీమీటర్లు అటూ ఇటూ జరుగుతుంది. గురి తప్పితే కణితికి మోతాదు చాలదు, పక్కనున్న మంచి కణజాలానికి దెబ్బ తగులుతుంది.

ఇదివరకు చికిత్స కిరణంతోనే ఫొటో తీసి సరిచూసేవారు. దాని శక్తి 60 లక్షల వోల్టుల స్థాయి. అంతటి కిరణం ఎముకనూ కండనూ దాదాపు ఒకేలా దాటిపోతుంది. అందుకే బొమ్మ మసకగా వచ్చేది. 1990ల చివర్లో అమెరికాలోని మిచిగాన్‌లో డేవిడ్ జఫ్రే బృందం ఇదే యంత్రానికి (లైనాక్ అంటారు) మామూలు ఎక్స్‌రే గొట్టాన్ని, దానికి ఎదురుగా పలుచటి డిటెక్టర్‌ను బిగించింది. యంత్రం ఒక చుట్టు తిరిగేసరికి, అంటే సుమారు నిమిషంలో, వందల ఎక్స్‌రేలు వస్తాయి. కంప్యూటర్ వాటిని కలిపి త్రీడీ బొమ్మ కడుతుంది. ఇదే కోన్ బీమ్ సీటీ. దాన్ని మొదటి స్కాన్‌తో పోల్చి, తేడా ఉన్నంత మేర బల్లను జరిపి, అప్పుడే అసలు కిరణం వదులుతారు. ఈ స్కాన్‌తో పడే రేడియేషన్ చికిత్స మోతాదు ముందు చాలా స్వల్పం.

ఎంఆర్ఐని జోడించడం అంత తేలిక కాలేదు. దాని అయస్కాంతం లైనాక్‌లోని ఎలక్ట్రాన్లను దారి తప్పిస్తుంది. అయినా నెదర్లాండ్స్‌లోని ఉట్రెక్ట్‌లో 1.5 టెస్లా ఎంఆర్ఐ ఉన్న లైనాక్‌పై 2017లో తొలి రోగికి చికిత్స చేశారు. ఖరీదెక్కువ కాబట్టి మీకు ఎదురయ్యేది చాలావరకు కోన్ బీమే.

ఇక మీ వంతు. నీళ్లు తాగి రమ్మంటే చెప్పినన్ని, చెప్పిన సమయానికే తాగండి. స్కాన్‌లో మూత్రాశయం ఖాళీగా కనిపిస్తే బల్ల దింపి మళ్లీ కూర్చోబెట్టేస్తారు. ఫొటో తీశాక కదలొద్దు, కదిలితే ఆ లెక్క చెల్లదు. దీనికి విడిగా రిపోర్టు ఇవ్వరు, ఇది గురి చూసుకోవడానికే. కణితి తగ్గిందా అన్నది డాక్టర్‌నే అడగాలి. ఆరోగ్యశ్రీలో చేరితే ఈ స్కాన్ ప్యాకేజీలో కలిసి ఉందో లేదో మొదటి రోజే ఆరోగ్యమిత్రను అడగండి.