మీకు తెలుసా? బిళ్ళబంట్రోతు నుంచి ట్రెయిన్ మేనేజర్ దాకా

● ప్యూన్ అనే మాట పోర్చుగీసు నుంచి వచ్చింది. అసలర్థం కాల్బంటు. చదరంగంలో ముందు వరస పావునీ వాళ్లు అదే పేరుతో పిలుస్తారు. మనమూ దాన్ని బంటనే అంటాం! ఆ బంటే ఆఫీసుల్లో బంట్రోతయ్యాడు, ఇత్తడి బిళ్ళ తగిలిస్తే బిళ్ళబంట్రోతు. ఆనక అటెండరు, ఆఫీస్ సబార్డినేట్, కేంద్ర ప్రభుత్వంలోనైతే మల్టీ టాస్కింగ్ స్టాఫ్. కలెక్టరుగారి ముందు నడిచే డఫేదారు సంగతి ఇంకా ఘనం. అది అశ్వికదళంలో సార్జెంటుతో సమానమైన హోదా. గుర్రం పోయింది, తలపాగా మిగిలింది.

● రైలు ఆఖరి పెట్టెలోంచి పచ్చజెండా ఊపే గార్డు 2022 జనవరి నుంచి గార్డు కాదు, ట్రెయిన్ మేనేజర్. గూడ్సు గార్డు గూడ్స్ ట్రెయిన్ మేనేజరయ్యాడు. జీతం స్థాయి, విధులు, సీనియారిటీ ఏవీ మారవని రైల్వే బోర్డు అదే ఉత్తర్వులో రాసేసింది. దాపరికం లేనందుకు మెచ్చుకోవాలి. అలాగని నవ్వి వదిలేసే మార్పూ కాదిది. గార్డు ఉద్యోగమంటే ఏ బ్యాంకు గేటు దగ్గరో తుపాకీ పట్టుకుని కూర్చోవడమని పిల్లనిచ్చేవాళ్లు అనుకుంటే, రైలు బాధ్యతంతా మోసే మనిషికి ఎలా ఉంటుంది? పేరు మార్చమని ఉద్యోగులే చాలాకాలం అడిగారు.

● స్టేషన్లో ఎర్రచొక్కా కూలీని ఇకపై ‘సహాయక్’ అనాలని 2016 రైల్వే బడ్జెట్లో మంత్రి సురేశ్ ప్రభు ప్రకటించారు. పెట్టె నెత్తికెత్తించేటప్పుడు ఆ మాట మీ నోట ఎప్పుడైనా వచ్చిందా?

● ఆంధ్రలో కరణం, మునసబు, తెలంగాణలో పటేల్, పట్వారీ. ఈ వంశపారంపర్య పదవుల్ని ఎన్టీఆర్ ప్రభుత్వం 1984లో రద్దుచేసింది. వాటి స్థానంలోకి కొన్నాళ్లకు వీఆర్వో వచ్చాడు. తెలంగాణలో 2020లో ఆయనా పోయి, 2025లో గ్రామ పాలన అధికారి దిగాడు. కరణీకం పోయినా కరణం అనే ఇంటిపేరు మాత్రం చెక్కుచెదరలేదు. 2000లో సిడ్నీ ఒలింపిక్స్ దాకా వెళ్లి, మల్లీశ్వరితో పాటు కాంస్యం తెచ్చుకుంది.

● ఆంధ్రప్రదేశ్ గ్రామ సచివాలయాల్లో జూనియర్ లైన్‌మన్ గ్రేడ్-2కి ఎనర్జీ అసిస్టెంట్ అని పేరు పెట్టారు. కరెంటు పోయినప్పుడు ఊళ్లో కేక వేసేది లైన్‌మన్ కోసమే.

● పేరు పెంచడం వెనక లెక్కలూ ఉంటాయి. అమెరికాలో వారానికి నిర్ణీత మొత్తం దాటి జీతం తీసుకునే మేనేజర్లకు ఓవర్‌టైం ఇవ్వక్కర్లేదు. చాలా ఏళ్లపాటు ఆ మొత్తం 455 డాలర్లు. ఉద్యోగ ప్రకటనల్ని జల్లెడపట్టిన ముగ్గురు ఆచార్యులు 2023లో ఒక పరిశోధన పత్రం వెలువరించారు. జీతం సరిగ్గా ఆ గీత దాటే చోట మేనేజర్ అనే హోదాలు 485 శాతం పెరిగాయట! రిసెప్షన్లో కూర్చునే మనిషి ‘డైరెక్టర్ ఆఫ్ ఫస్ట్ ఇంప్రెషన్’. ఇలా సంస్థలు ఎగ్గొట్టే ఓవర్‌టైం ఏడాదికి సుమారు 400 కోట్ల డాలర్లని వాళ్ల అంచనా. శాండ్‌విచ్ కూర్చేవాళ్లని సబ్‌వే ‘శాండ్‌విచ్ ఆర్టిస్ట్’ అనడం దీని ముందు అమాయకంగా కనిపిస్తుంది.

● మన బిర్యానీ తెచ్చే కుర్రాడు ‘డెలివరీ పార్ట్‌నర్’. తెలుగులో భాగస్వామి. బండీ పెట్రోలూ అతనివి. లాభాల్లో వాటా అడిగితే, ఏం వాటా అంటారు.

● మా అపార్ట్‌మెంటు వాచ్‌మన్‌కి కిందటేడు ఏజెన్సీవాళ్లు మెడలో కొత్త కార్డు వేశారు: ‘ఫెసిలిటీ సూపర్‌వైజర్’. నీ కింద ఎంతమంది అన్నా అని అడిగాను. వేలు ఎత్తి నీళ్ల మోటారు స్విచ్చి చూపించి, అది వేయడానికి లేచాడు.